చేబదులు

నవంబరు పదకొండు, మధ్యాహ్నం పన్నెండుంబావు.
సూర్యుడు కొండ అంచు మీద గడ్డం ఆనించి
మా పెరటి కిటికీలోకి ఒకసారి చూసి
దిగిపోయాడు.
ఇక ఫిబ్రవరి దాకా
చుట్టపుచూపుగానైనా రాడు.

అలాగని చీకటేం కాదు.
వెన్న తీసిన పాలలాంటి ఆకాశం నాలుగు గంటలుంటుంది.
సముద్రపు పాయకి అవతలి ఒడ్డున
కొండ నెత్తిన రోజూ కాస్త గులాబిరంగు ఎండ,
పిలవని విందు వాసనలా.
ఇటువైపు మాకు విడివిడి నీడలుండవు.
ఇంటికి, పడవకి, గొర్రెలకి, నాకు
అందరికీ కలిపి ఒకటే నీడ, కొండది.

పొద్దు లేని చోట పొద్దుపోదు.
వలలు బాగుచేస్తాను. రేడియోలో గాలుల సంగతి వింటాను.
ఐస్‌లాండు మొత్తానికీ వాతావరణం చదివేస్తారు,
మా వంటింటి ఊసు ఉండదు.

నడవా గోడ మీద పెన్సిలు గీతలున్నాయి.
తిరిగొచ్చిన ఎండ ఏటేటా మొదట తాకిన చోటు.
మా మేనత్త స్టెయ్‌నున్ మొదలుపెట్టింది.
ఒక ఏడాది గీత లేదు, పది రోజులు మంచు గాలి.
ఒక గీత పక్కన ‘దగ్గు’ అని రాసుంది.
ఎవరి దగ్గో.

ఈసారి జనవరి ఇరవైయేడున
బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను.
పిండి డబ్బా మీద ఏదో కదిలింది.
ఎలుకనుకున్నాను.
ఎండ.
ఉత్తరం వైపు వంటిల్లు మాది,
చలికాలం ఎండ అడుగుపెట్టే దారే లేదు.
అరచేయంత ముక్క, అంచులు వణుకుతూ
డబ్బా దిగి, కెటిల్ ముక్కు తాకి,
నా వేలి మీది చెక్కుని ఒక్క క్షణం
గాజులా చేసి
ఆరిపోయింది.

కిటికీలోంచి చూస్తే
అవతలి ఒడ్డున, వాలు మీద, ఒడ్ని ఇల్లు.
చేపలు మాడినట్టున్నాయి,
పొగ పోవడానికి కిటికీ తెరిచింది.
తన ఎండని నా వైపు ఒంపినట్టు
ఆమెకి తెలీదు.

మర్నాడు కిటికీ మూసే ఉంది.
ఆ మర్నాడూ అంతే.
మూడో రోజు ఫోన్ చేశాను.
“ఒడ్నీ, నీ వంటింటి కిటికీ కాస్త తెరుస్తావా?”
“ఎందుకు, నీకేమైనా పిచ్చా? చలి చంపేస్తోంది.”
“రెండు వేళ్లంత. ఇంకొంచెం. అంత కాదు, వెనక్కి...”
ఎండ నా పైకప్పు మీద, తర్వాత గొర్రెల పాక మీద,
తర్వాత తలుపు మీద తడుముకుంటూ తడుముకుంటూ
లోపలికొచ్చింది.
“ఆగు!” అని అరిచాను.
ఫోన్లో ఆమె ఊపిరి. పళ్లు టకటకమంటున్న చప్పుడు.
“వచ్చిందా?” అంది, ఏం రావాలో అడక్కుండానే.

పెన్సిలు తీశాను.
ఇది సూర్యుడి లెక్కలో వేయాలా, ఒడ్ని లెక్కలోనా?
నిలబడి ఆలోచించేలోపు
మచ్చ గోడ దిగి పోయింది.
పెన్సిలు జేబులోనే ఉండిపోయింది,
వల మీద కూర్చుంటే విరిగింది.

అసలు ఎండ ఫిబ్రవరి ఆరున నడవాలోకి వచ్చింది.
కాఫీ, పల్చటి అట్లు, వాటి మీద పంచదార,
ఇక్కడ అందరిళ్లలోనూ అంతే.
గీత గీశాను. బాగుంది.
కానీ పోయినేటి అంత బాగుందా అంటే
చెప్పలేను.

ఏప్రిల్లో చూరు కింద మంచు కరిగి
రూబార్బ్ మొలకలు ఎర్రటి పిడికిళ్లతో లేచాయి.
మేలో బాతులు ఒడ్డు రాళ్ల మధ్య
తమ రొమ్ము నూగు పరిచి పొదిగాయి.
జూన్‌లో ఇక వెలుగంటే విసుగు.
రాత్రి పదకొండుకి కూడా ఎండ
ఉత్తరపు కనుమలోంచి నేరుగా నా వంటింట్లోకి,
కుర్చీ కింద పడ్డ రొట్టె ముక్కని కూడా వదలదు.

నిద్ర పట్టక, ఒక రాత్రి
గడ్డం గీసుకునే అద్దం కిటికీలో పెట్టి
వంచి, ఎత్తి, తిప్పి
ఆ వెలుగుని నీళ్ల మీదుగా ఒడ్ని ఇంటికి పంపాను.
ఆమె కిటికీకి మందపాటి దుప్పటి కొట్టుంది,
ఈ నెల అందరి కిటికీలకీ దుప్పట్లే.
దుప్పటి మీద వెలుగు కాసేపు ఆడింది.

ఎవరూ లేవలేదు.
ఆమె కుక్క ఒకటే
వాకిట్లో లేచి నిలబడి
గోడ మీద పాకుతున్న ఆ మచ్చని
మొరిగి మొరిగి
వదిలేసింది.